రెండు గంటలకోసారి

నర్సింగ్ చదువులో మొదటి ఏడాదే నేర్పే పనులు కొన్ని ఉన్నాయి. మంచం పట్టిన మనిషిని పక్కకు తిప్పడం, ఊపిరి లెక్కపెట్టడం, నోరు శుభ్రం చేయడం, మూత్రం కొలవడం, చూసినదాన్ని వేళతో సహా చార్టులో ఎక్కించడం. వార్డులో అడుగుపెట్టిన కొద్ది రోజులకే విద్యార్థులకు ఇవి చిన్న పనుల్లా కనిపించడం మొదలవుతుంది. నరానికి సూది ఎక్కించడం, వెంటిలేటర్ దగ్గర నిలబడడం చికిత్స. పక్క మార్చడం, ఊపిరి చూడడం మాత్రం ఆయాలో తోడు వచ్చినవాళ్లో చూసుకునే సేవ అన్న విభజన మనసులో స్థిరపడిపోతుంది. ఈ విభజన తప్పని చెప్పడమే ఈ అధ్యాయం ఉద్దేశం. దేన్నైనా మందు అనడానికి మనం చూసే లక్షణాలు ఏమిటి? దానికి ఒక మోతాదు ఉంటుంది, ఇన్ని గంటలకోసారి అన్న నియమం ఉంటుంది, వేళ తప్పితే గుణం తగ్గుతుంది, మానేస్తే కొలవగలిగినంత హాని జరుగుతుంది. ఈ నాలుగు లక్షణాలూ ప్రాథమిక సంరక్షణకు ఉన్నాయి. జబ్బు గడియారాన్ని బట్టి నడుస్తుంది కాబట్టి, గడియారాన్ని బట్టి చేసే ఈ పనులే ఎన్నో సందర్భాల్లో అసలు చికిత్స అవుతాయి.

ఈ మాటను పరీక్షించి చూడడానికి నల్లగొండ తగిన చోటు. ఇక్కడి నేల కింద ఉన్నది గ్రానైటు. ఆ రాతిలోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడు కొద్దికొద్దిగా భూగర్భజలంలోకి దిగుతుంది. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ, నీళ్లలో కాల్షియం తక్కువ కావడంతో అది నీటిలోనే పోగుపడుతుంది. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఎన్నో ఊళ్లు దశాబ్దాల తరబడి ఆ హద్దు దాటిన నీళ్లే తాగాయి. 1955లోనే ఎ.హెచ్. సిద్దీఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఈ జబ్బులో ఎముక ఎక్స్‌రేలో చిక్కగా, తెల్లగా కనిపిస్తుంది కాని లోపల పెళుసుబారుతుంది. వెన్నుపూసల చుట్టూ ఉన్న స్నాయువులూ బంధనాలూ సున్నం పట్టి ఎముకలా గట్టిపడతాయి. నడుం, మెడ కొయ్యబారతాయి. వెన్నుపాము వెళ్లే దారి ఇరుకై కొందరిలో కాళ్లు చచ్చుబడతాయి, మలమూత్రాల మీద పట్టు పోతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీళ్లలోంచి ఫ్లోరైడును తీసే పద్ధతి ఈ జిల్లా పేరుతోనే ‘నల్లగొండ టెక్నిక్’గా ప్రపంచానికి తెలిసింది. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథ నది నీళ్లను ఊళ్లకు తెచ్చింది. ఇవి కొత్త తరం పళ్లనూ ఎముకలనూ కాపాడే పనులు. ఇప్పటికే గట్టిపడిన వెన్నును మామూలు స్థితికి తెచ్చే మందు మాత్రం లేదు. కొందరికి శస్త్రచికిత్సతో వెన్నుపాము మీది ఒత్తిడి తగ్గించవచ్చు. మంచం పట్టిన మిగతావాళ్లకు వైద్యశాస్త్రం ఇవ్వగలిగింది ముఖ్యంగా సంరక్షణే.

కాళ్లు చచ్చుబడిన మనిషి ప్రాణం తీసేది చాలాసార్లు వెన్నెముక జబ్బు కాదు. పడకపుండు, మూత్రంలో చీము. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు నిద్రలో కూడా తెలియకుండానే పక్క మారుస్తూ ఉంటారు, ఎందుకంటే ఒకచోట ఒత్తిడి పడగానే చర్మం కబురు పంపుతుంది. ఆ కబురు మోసే దారి తెగినవాళ్లలో ఒళ్లంతా నడుం కింది ఎముక మీద, మడమల మీద, తుంటి మీద గంటల తరబడి ఆగిపోతుంది. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చోట సన్నని రక్తనాళాలు మూసుకుపోయి కండ లోపలినుంచి చావడం మొదలవుతుంది. 1959, 1961లలో అచ్చయిన, అమెరికాలో మైకేల్ కోసియాక్ జంతువుల మీద చేసిన ప్రయోగాలు ఇందులో కాలం పాత్రను తేల్చాయి. 70 మిల్లీమీటర్ల పాదరస మట్టంతో సమానమైన ఒత్తిడి ఎడతెగకుండా రెండు గంటలు దాటితే కండకు కోలుకోలేని దెబ్బ తగిలింది. అంతకు మూడు రెట్లు మించిన ఒత్తిడి అయినా, మధ్యమధ్య వదిలితే హాని చాలా స్వల్పం. అంటే బరువు కన్నా ఎడతెగకపోవడమే పెద్ద శత్రువు. ప్రయోగశాల కన్నా ముందే వార్డు ఈ సంగతి చూపించింది. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ వెన్నుపాము తెగిన సైనికుల వార్డు మొదలుపెట్టేనాటికి అలాంటివాళ్లు బతకరన్నది వైద్యుల సాధారణ అభిప్రాయం. పగలూ రాత్రీ రెండు గంటలకోసారి పక్క మార్చాలనీ, మూత్రాశయాన్ని శుభ్రంగా కాపాడాలనీ ఆయన కచ్చితమైన నియమం పెట్టాడు. ఆ సైనికుల్లో ఎంతోమంది బతికి, పనుల్లో చేరి, చక్రాల కుర్చీల్లో ఆటలు ఆడారు. నేటి పారాలింపిక్ క్రీడల మూలం అక్కడే ఉంది. తెగిన వెన్నుపామును ఆయన అతికించలేదు. వేళ తప్పని నర్సింగ్‌నే చికిత్సగా నిలబెట్టాడు.

ఇదే సూత్రాన్ని నల్లగొండ రోగి మంచం దగ్గరికి తెస్తే కొన్ని జాగ్రత్తలు కలపాలి. ఫ్లోరోసిస్ రోగి వెన్ను వంగదు, ఎముక పెళుసు. భుజం పట్టి లాగితే నొప్పి మాత్రమే కాదు, విరిగే ప్రమాదమూ ఉంది. అందుకే ఇద్దరు నిలబడి తల, భుజాలు, తుంటి ఒకే గీతలో ఉండేలా దుంగను దొర్లించినట్టు ఒక్కసారి తిప్పాలి. పూర్తిగా పక్కకు పడుకోబెడితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది కాబట్టి వీపు వెనక దిండు పెట్టి ముప్ఫై డిగ్రీల వాలులో ఉంచాలి. మోకాళ్ల మధ్య ఒక దిండు, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద ఒకటి ఉండాలి. తిప్పిన ప్రతిసారీ చర్మం చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినా తెల్లబడకపోతే అది పుండుకు తొలి మెట్టు అని పుస్తకాలు చెబుతాయి. మన ఒంటి రంగులో ఆ ఎరుపు కంటికి సరిగా ఆనదు. చుట్టుపక్కల కన్నా నల్లగా కందడం, చేతికి వేడి తగలడం, గట్టిగానో మెత్తగానో మారడం ఇక్కడి గుర్తులు. అందుకే కంటితో పాటు చేతితోనూ చూడాలి. కందిన చోట స్పిరిట్ రుద్ది పౌడరు చల్లడం చాలాకాలం అలవాటుగా నడిచింది. ఇప్పుడది వద్దంటారు, ఎందుకంటే ఊపిరాడని కండను రుద్దితే లోపల మరింత చిరుగుతుంది. గాలి నింపిన రబ్బరు రింగు కూడా మధ్యలో ఒత్తిడి తీసి అంచుల్లో పెంచుతుంది. ఈ పనిని పోగేసి చేయడం కుదరదు. చేనుకు నాలుగు తడుల నీళ్లు ఒక్కరోజే పారిస్తే పంట నిలవనట్టే, పొద్దున నాలుగుసార్లు తిప్పి రాత్రంతా వదిలేస్తే ఆ మనిషి చర్మం నిలవదు.

ఇక్కడ చదువుకున్నవాళ్లు ఒక న్యాయమైన ప్రశ్న వేస్తారు. రెండు గంటలన్న అంకెకు అంత గట్టి ఆధారం ఉందా? 2013లో అమెరికా, కెనడాల్లోని 27 వృద్ధాశ్రమాల్లో 942 మంది మీద జరిగిన పరిశోధనలో రెండు, మూడు, నాలుగు గంటలకోసారి తిప్పినవాళ్ల మధ్య పడకపుండ్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. దీన్ని దాచి పాఠం చెప్పడం విజ్ఞానం కాదు. అయితే ఆ పరిశోధన ఏ పరిస్థితిలో జరిగిందో కూడా చూడాలి. అక్కడ అందరికీ ఒత్తిడిని పంచే చిక్కని ఫోమ్ పరుపులు ఉన్నాయి; తిప్పిన ప్రతిసారీ రాసిపెట్టారు; ఎవరినీ వదిలేయలేదు. అంటే రుజువైంది ఏమిటంటే, మంచి పరుపు ఉంటే మోతాదుల మధ్య ఎడం కొంత పెంచవచ్చని. పలచబడిన దూది పరుపు, ముడతలు పడ్డ రెక్సిన్ షీటు, చెమట కక్కించే నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) వేసవి ఉన్నచోట ఆ నాలుగు గంటలను అరువు తెచ్చుకోలేం. మందు మోతాదు రోగి బరువును బట్టి మారినట్టే ఈ మోతాదు కూడా పరుపును బట్టి, చర్మాన్ని బట్టి మారుతుంది. మారనిది ఒక్కటే: మోతాదు లేకుండా ఉండకూడదు, దాన్ని చర్మం చూసి నిర్ణయించాలి.

వాదనను ఇప్పుడు చర్మం నుంచి ఊపిరికి తీసుకుపోదాం. నల్లగొండ, మహబూబ్‌నగర్ పాత జిల్లాలు రెండూ పత్తి చేలకు పేరుపడ్డవి. పత్తి ఉన్నచోట ప్రతి ఇంట్లో పురుగుల మందు డబ్బా ఉంటుంది. ఆర్గానోఫాస్ఫేటు రకం మందు తాగినవాళ్లను ఆస్పత్రికి తెస్తే నోట్లో, ఊపిరితిత్తుల్లో నీరు ఊరుతుంది, నాడి నెమ్మదిస్తుంది, కంటిపాపలు సూదిమొనంత అవుతాయి. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ పాత మందే, చవక మందే. కాని అదే మందుతో ఎంతమంది బతుకుతారన్నది ఎలా ఇస్తారన్నదాన్ని బట్టి మారుతుంది. బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో జరిగి 2012లో అచ్చయిన పరిశోధన దీనికి గొప్ప సాక్ష్యం. పాత పద్ధతిలో విడివిడి మోతాదులు ఇచ్చిన గుంపులో 22.5 శాతం మంది చనిపోయారు. నిమిషాల వ్యవధిలో గమనిస్తూ మోతాదును త్వరత్వరగా పెంచి, ఆపై ధారగా ఇచ్చిన గుంపులో చనిపోయింది 8 శాతం. మందు మారలేదు, ఆస్పత్రి మారలేదు. మారింది మోతాదు ఇచ్చే తీరు, దాన్ని నడిపిన మంచం పక్కని చూపు. ప్రతి కొద్ది నిమిషాలకూ ఐదు విషయాలు చూడాలి: ఛాతీలో గురగుర తగ్గిందా, నాడి 80 దాటిందా, పై రక్తపోటు 80 దాటిందా, చంక ఆరిందా, కంటిపాప విప్పారిందా. అన్నీ సరిపడ్డాక మళ్లీ ఎదురు ప్రమాదం కోసం చూడాలి. జ్వరం రావడం, పిచ్చిగా మాట్లాడడం, కడుపులో పేగుల చప్పుడు ఆగిపోవడం అట్రోపిన్ ఎక్కువైందన్న గుర్తులు. వైద్యుడు రాసిన కాగితంలో మందు పేరు ఉంటుంది. మందు చాలిందా, మించిందా అన్నది మాత్రం ఈ చూపు నుంచే తెలుస్తుంది.

ఆ గండం గడిచాక మరో గడియారం మొదలవుతుంది. 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరల్లియద్దె ఒక కొత్త పరిస్థితిని వర్ణించారు. విషం తాగిన 24 నుంచి 96 గంటల మధ్య, రోగి తేరుకుని మాట్లాడుతున్న వేళ, ఊపిరి కండరాలు హఠాత్తుగా బలహీనపడతాయి. అట్రోపిన్ దీన్ని ఆపలేదు; వేళకు వెంటిలేటర్ పెడితే మనిషి బతుకుతాడు. ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుని, వార్డు కళ్లు కొత్త కేసుల వైపు మళ్లే రోజులు సరిగ్గా ఇవే. దీన్ని ముందుగా పట్టుకోవడానికి యంత్రం అవసరం లేదు. “దిండు మీంచి తల లేపు” అని అడిగితే చాలు. మెడ కండరాలు మొదటే బలహీనపడతాయి కాబట్టి నిన్న తల లేపినవాడు ఇవాళ లేపలేకపోతే అది వెంటనే వైద్యుణ్ని పిలవాల్సిన ఘడియ. నాలుగు రోజుల పాటు, డ్యూటీ మారిన ప్రతిసారీ, చార్టులో ఒక గడి పెట్టుకుని చేయాల్సిన పరీక్ష ఇది. నర్సింగ్ విద్యార్థి చేయగలిగిన పరీక్షల్లో ప్రాణం నిలబెట్టే శక్తి ఇంతగా ఉన్నవి అరుదు.

పాముకాటులోనూ ఇదే క్రమం. వానాకాలం రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కట్లపాము కరిస్తే వాపు ఉండదు, నొప్పి అంతగా ఉండదు, ఒక్కోసారి గాటు కూడా కనిపించదు. ముందుగా రెప్పలు వాలతాయి, తర్వాత మింగుడు పడదు, మాట ముద్దగా వస్తుంది, చివరికి ఊపిరి ఆగుతుంది. ఒక్క శ్వాసలో పైకి ఎన్ని అంకెలు లెక్కపెట్టగలరో మాటిమాటికీ అడిగి రాసుకుంటే, ముప్పై నుంచి ఇరవైకి, పదికి పడిపోతున్న ఆ అంకె ప్రమాదాన్ని ముందే చెబుతుంది. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనీయదు. దానికి పరీక్ష కూడా గడియారంతోనే. తాజా రక్తం రెండు మిల్లీలీటర్లు పొడి గాజు గొట్టంలో తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి ఒక్కసారి వంచి చూడాలి. సబ్బుతో కడిగిన గొట్టం వాడినా, ప్లాస్టిక్ గొట్టం వాడినా, పది నిమిషాలకే తొందరపడి వంచినా జవాబు తప్పు వస్తుంది. విరుగుడు ఇచ్చాక ఆరు గంటలకు మళ్లీ చూస్తారు, ఎందుకంటే గడ్డకట్టే పదార్థాలను కాలేయం మళ్లీ తయారుచేయడానికి సుమారుగా అంత వేళ పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ, ఆ ఆరు గంటలూ ఎవరో పెట్టిన నియమాలు కావు, శరీరం పెట్టిన గడువులు.

ఇక్కడ మరో అభ్యంతరం వస్తుంది. ఇప్పుడు మానిటర్లు వచ్చాయి, వేలికి తగిలించే ఆక్సీమీటర్ వచ్చింది, ఊపిరి చేత్తో లెక్కపెట్టడం ఎందుకు? కారణం శరీరశాస్త్రంలో ఉంది. ఊపిరి విషయంలో ఆక్సీమీటర్ చూపేది రక్తంలో ఆక్సిజన్ మాత్రమే. ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టిన రోగికి ఊపిరి కండరాలు అలసిపోతున్నా ఆ అంకె 98 దగ్గరే ఉండవచ్చు, లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకుపోతున్నా అది చెప్పదు. శ్వాసల సంఖ్య, లోతు, మెడ కండరాల ఆయాసం అంతకన్నా ముందే చెబుతాయి. 1993లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధన, మెడికల్ వార్డుల్లో గుండె ఆగిపోవడాన్ని ముందే సూచించే గుర్తుల్లో నిమిషానికి 27 దాటిన శ్వాసే ప్రధానమైనదని తేల్చింది. 2012లో బ్రిటన్‌లో తెచ్చిన హెచ్చరిక స్కోరులో నిమిషానికి 12 నుంచి 20 శ్వాసలకు సున్నా, 25కు చేరితే ఏకంగా మూడు పాయింట్లు. అయినా ఎన్నో వార్డుల్లో చూడకుండా అలవాటుగా రాసేసే అంకె ఇదే. దీన్ని పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. రోగికి తెలిస్తే ఊపిరి మారుతుంది కాబట్టి నాడి చూసిన చెయ్యి వదలకుండానే ఛాతీ వైపు చూస్తూ లెక్కించాలి. మానిటర్ కొలుస్తుంది, కాని కొలిచినదాన్ని ఈ మనిషితో, నిన్నటి స్థితితో పోల్చి అర్థం చెప్పేది నర్సు.

మూడో అభ్యంతరం మన వార్డుల అలవాటులోంచి పుట్టింది. తిప్పడం, తినిపించడం, శుభ్రం చేయడం ఇంటివాళ్లే చేస్తున్నారు కదా అంటారు. నిజమే, భార్యో కొడుకో అత్తో ప్రేమగా చేస్తారు, వాళ్లకు నేర్పడం నర్సు బాధ్యతే, ముఖ్యంగా ఇంటికి వెళ్లాక ఏళ్ల తరబడి మంచం మీదే ఉండే ఫ్లోరోసిస్ రోగి విషయంలో. కాని నేర్పడం వేరు, అప్పగించి తప్పుకోవడం వేరు. భారతదేశంలోని 14 ఆస్పత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగులతో జరిగి 2017లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, కుటుంబ సభ్యులకు పునరావాసం నేర్పి పంపినా ఆరు నెలల తర్వాత మరణాల్లోనూ పరాధీనతలోనూ తగ్గుదల కనిపించలేదు. అది కుటుంబాల లోపం కాదు. శిక్షణ పొందిన చేతులు చేసే పనిని కొద్ది రోజుల పాఠంతో ప్రేమకు బదిలీ చేయలేమని ఆ ఫలితం చెబుతోంది. కందిన చర్మాన్ని గుర్తించడం, వాలిన రెప్పకు అర్థం తెలియడం విద్య.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మనుషులు చాలరన్నది. ఒక్క నర్సు ఎన్నో మంచాలు చూసుకునే రాత్రి డ్యూటీలో రెండు గంటలకోసారి అందరినీ ఎలా తిప్పుతారు? ఈ ప్రశ్నను పక్కన పెట్టే హక్కు ఎవరికీ లేదు. తొమ్మిది యూరప్ దేశాల్లోని 300 ఆస్పత్రుల లెక్కలతో 2014లో వచ్చిన పరిశోధన, ఒక్కో నర్సుకు ఒక్కో రోగి అదనంగా చేరిన కొద్దీ శస్త్రచికిత్స రోగులు ముప్ఫై రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం పెరిగిందని తేల్చింది. కాబట్టి మనుషుల కొరత సంరక్షణ చిన్నదనడానికి కారణం కాదు, అది ఎంత పెద్దదో చూపే రుజువు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది. పడకలు పెరిగినప్పుడల్లా నర్సు పోస్టులు అదే లెక్కన పెరగాలని అడగడానికి ఇదే ఆధారం. అంతవరకు ఉన్న చేతులను ఎక్కడ పెట్టాలో కూడా శాస్త్రం చెబుతుంది. 1962లో డోరీన్ నార్టన్ బృందం ఇచ్చిన స్కోరు ఒంటి స్థితి, మానసిక స్థితి, నడక, కదలిక, మలమూత్రాల పట్టు అన్న ఐదింటికి మార్కులు వేస్తుంది. మొత్తం 20; 14, అంతకు తక్కువ వస్తే పుండ్ల ప్రమాదం ఉన్నట్టు. ముప్పై మందిలో ముందు తిప్పవలసిన ఆరుగురు ఎవరో ఇది రెండు నిమిషాల్లో తేలుస్తుంది. పురుగుల మందు కేసులో రెండో రోజు నుంచి తల లేపించడం, పాముకాటులో అంకెలు చెప్పించడం ఒక్కొక్కటీ నిమిషంలోపు పనులే.

మందు లాంటిదే అయితే దానికి లెక్క కూడా మందుకు ఉన్నట్టే ఉండాలి. సూది మందు వేసిన వేళ రాయకపోతే తప్పుగా చూస్తాం. పక్క మార్చిన వేళ, ఏ వైపుకు మార్చారో, చర్మం ఎలా ఉందో రాయకపోతే కూడా అంతే తప్పుగా చూడాలి. డ్యూటీ అప్పగించేటప్పుడు సెలైన్ ఎంత మిగిలిందో చెప్పినట్టే, తల లేపాడా లేదా, ఊపిరి ఎంత ఉందో చెప్పాలి. నర్సింగ్ స్కూళ్లలో విద్యార్థి మార్కుల్లో మంచం పక్క పరిశీలనకు సూది పనికి ఉన్నంత బరువు ఉండాలి. వైద్యుడు రౌండ్స్‌కు వచ్చినప్పుడు కేస్‌షీట్‌తో పాటు ఆ చార్టునూ చదవాలి. ఫ్లోరైడు గట్టిపరిచిన వెన్ను ముందు, మెడ కండరాలను నెమ్మదిగా ఆపేసే విషం ముందు మన దగ్గరున్న ఆయుధాలు తక్కువ. ఉన్నవాటిలో బలమైన ఒకటి ఏ ఖర్చూ లేకుండా మొదటి ఏడాది విద్యార్థి చేతిలోనే ఉంది. దానికి మోతాదు రాసి, వేళ రాసి, చేసినవాళ్ల సంతకం పెట్టించే ఏర్పాటు ప్రతి వార్డులోనూ జరగాలి.